ఏమీ జరగని ఇరవై రెండేళ్ళు

పూల్‌కి వచ్చేవాళ్ళంతా ఆయన్ని కుర్చీ బాబాయ్ అంటారు. నీటి అంచున, ఏడడుగుల ఎత్తున, తెల్లరంగు వేసిన ఇనప కుర్చీ. దాని మీద వెలిసిపోయిన నీలం గొడుగు. గొడుగు కింద ఆయన, మెడలో విజిల్. ఒకప్పుడు నడుముకి రబ్బరు ట్యూబు తగిలించుకుని "బాబాయ్, నన్ను చూడు, నన్ను చూడు" అని అరిచిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లల్ని తెచ్చి నీళ్ళలో దింపుతున్నారు. ఆ పిల్లలూ ఆయన్ని బాబాయ్ అనే అంటున్నారు. వరసలు కలవలేదని ఎవరూ పట్టించుకోలేదు. నీళ్ళలో దిగాక వరసలెవరికి గుర్తుంటాయి?

ఇరవై రెండేళ్ళుగా ఆయన పని చూడటం. బయటివాళ్ళు "రోజంతా నీళ్ళు చూస్తూ కూర్చుంటావు, అదృష్టవంతుడివయ్యా" అంటారు. లైఫ్‌గార్డ్ నీళ్ళని చూశాడంటే కొంప మునిగినట్టే. పొద్దున్న ఏడింటికి ఎండ ఏటవాలుగా పడితే అడుగున ఉన్న టైల్స్ అన్నీ లేచి నిలబడి ఊగుతాయి. ఆ ఊపులో కన్ను చిక్కుకుందా, ఇక తిరిగి రాదు. అందుకే ఆయన మనుషుల్ని చూస్తాడు. రెండు నిమిషాలకోసారి పెదవులు కదిలీ కదలకుండా తలలు లెక్కపెడతాడు. ముప్పై ఒకటి. ముప్పై ఒకటి. ముప్పై రెండు, ఆ, ఇప్పుడే దిగిన ఎర్ర టోపీ. ముప్పై రెండు.

ఈ అలవాటు పూల్ గేటు దాటినా వదల్లేదు. బస్సులో లెక్కపెడతాడు. సినిమా హాల్లో లెక్కపెడతాడు. "బంధువుల ఇంటికెళ్ళి అందరి తలలూ అలా లెక్కపెడుతుంటే, వడ్డించింది సరిపోదేమోనని వాళ్ళు కంగారు పడుతున్నారండీ" అని భార్య ఎన్నిసార్లు మోచేత్తో పొడిచిందో.

మంగళవారం మధ్యాహ్నం మున్సిపల్ ఆఫీసు నుంచి అటెండర్ వచ్చాడు. కొత్త బూట్లు తడవకుండా దూరంగా నిలబడి, చెయ్యి బారెడు చాపి ఒక ఉత్తరం అందించాడు. నెలాఖరుకి పూల్ మూసేస్తున్నారు. ఆ స్థలంలో కార్లు నిలపడానికి నాలుగంతస్తుల భవనం వస్తుంది. మీకు రెండు దారులు: మా ఆఫీసు రికార్డుల గదిలో ఉద్యోగం, లేదా ఒకేసారి కొంత మొత్తం తీసుకుని సెలవు. ఏది ఎంచుకున్నదీ వచ్చే సోమవారంలోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిది. ఆ రోజు లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు గానీ, ప్రతి అంకె తర్వాతా ఒక చిన్న చప్పుడులేని ఖాళీ వచ్చి కూర్చుంది.

*

భార్య పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల వెనక కూర్చుని పేషెంట్లని పిలుస్తుంది. ఏదైనా గట్టిగా, స్పష్టంగా చదవడం ఆమెకి అలవాటు. భోజనాల బల్ల దగ్గర ఉత్తరాన్ని అలాగే రెండుసార్లు చదివింది.

"రికార్డుల గది. మంచిదే కదండీ. నెలనెలా జీతం, నెత్తిన ఫ్యాను. క్లోరిన్ వాసన ఉండదు. మీ చొక్కాలన్నిటిదీ ఒకటే వాసన, బీరువా తెరిస్తే పూల్‌లో దూకినట్టుంటోంది."

"అక్కడ నాన్న ఏం చేస్తాడమ్మా?" అంది కూతురు. కాలేజీ రెండో ఏడు.

"ఫైళ్ళు చూస్తారు."

"ఫైళ్ళు మునుగుతాయా?"

"నువ్వు నోరు ముయ్యి."

ఆయన పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. వయసు నలభై ఆరు. రిటైరవడానికి ఇంకా పద్నాలుగేళ్ళుంది. తప్పుచోట కూర్చుంటే పద్నాలుగేళ్ళు ఎంత పొడుగ్గా ఉంటాయో ఆయన ఊహించుకోబోయి మానేశాడు. ఏ చోటు తప్పు, ఏది ఒప్పు అని అడిగితే చెప్పడానికి మాట లేదు. ఒకటి మాత్రం తెలుసు: సోమవారం ఆ కాగితం మీద ఏం రాస్తాడో, మిగతా జీవితం అదే.

బుధవారం పొద్దున్నే అక్కా బావా వచ్చారు. వార్తలు ఆ ఇంటికి తపాలా కంటే ముందు చేరతాయి. బావకి అట్టపెట్టెల గోడౌన్ ఉంది. మాట కూడా గోడౌన్ అంత వెడల్పు.

"ఏరా, ఉద్యోగం ఊడిందటగా?"

"ఊడలేదు బావా. ఎండిపోతోంది."

"మరి మొహం వేలాడేస్తావేంరా? నా గేటు దగ్గర కూర్చో. వచ్చే లారీ, పోయే లారీ చూసుకో. నీకు అలవాటేగా, ఎత్తు కుర్చీ చేయిస్తా. ఇంకో రెండడుగులు పెంచుతా, ప్రమోషన్ అనుకో."

"అట్టపెట్టెలకి కాపలాయేంటండీ అన్నయ్యగారూ, ప్రభుత్వ ఆఫీసు ఉద్యోగం చేతిలో ఉండగా?" అని భార్య లోపల్నుంచే అందుకుంది.

కూతురు మధ్యలో దూరింది. "మా కాలేజీకి ఒక మేడమ్ వచ్చారు. కెరీర్ కౌన్సెలర్. పెద్దవాళ్ళకి కూడా చెప్తారట. శుక్రవారం నాన్నకి టైమ్ తీసుకున్నా."

అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "కౌన్సెలింగా! ఎందుకే? మీ నాన్న బానే ఉన్నాడుగా? తింటున్నాడు, పడుకుంటున్నాడు."

"ఆ కౌన్సెలింగ్ కాదత్తయ్యా. ఏ పని మనకి సరిపోతుందో కూర్చుని ఆలోచించి చెప్తారు."

"దానికి డబ్బులిచ్చి మరీ చెప్పించుకోవాలా?" అన్నాడు బావ. "నేనిందాకట్నుంచీ చెప్తున్నదేంటి? ఒక కప్పు టీకి ఇంత సలహా ఎవడిస్తాడు?"

"ఇంతకీ ఎంత తీసుకుంటుందట?" భార్య గుమ్మంలోకి వచ్చింది.

"మొదటి అరగంట ఊరికే. తర్వాత కావాలంటే ఆరు సిట్టింగులు. అదీ... నాన్న ఒక నెల జీతం అంత."

బావ కప్పులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఈయనకెందుకే కౌన్సెలింగ్," అంది భార్య. "ఈయనతో ఇన్నేళ్ళు కాపురం చేసిన నాకు చేయించు, పుణ్యం ఉంటుంది."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. అయిదుగురు, అయిదుగురు అని లెక్కపెడుతూ నవ్వాడు. ఆ అయిదుగురిలో ఏం చెయ్యాలో తెలియనివాడు ఒక్కడే ఉన్నాడు.

*

మేడమ్ ముందుగా నింపి తెమ్మన్న ఫారం నాలుగు పేజీలుంది. గురువారం సాయంత్రం డ్యూటీ అయ్యాక, బట్టలు మార్చుకునే గది బల్ల మీద కూర్చుని ఆయనే నింపాడు. పక్కన ఎవరో పంపు కట్టకుండా వెళ్ళిపోయారు. ఒక్కో చుక్కా తొందరేం లేదన్నట్టు పడుతోంది.

ఒత్తిడి ఎదురైనప్పుడు మీరేం చేస్తారు? "కూర్చుంటాను" అని రాశాడు. అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు? దీని దగ్గర చాలాసేపు ఆగి, నిజమే రాశాడు: "నన్ను నేను చూసుకోను. వేరేవాళ్ళని చూస్తాను."

మూడో పేజీలో ఇలా ఉంది: ప్రస్తుత ఉద్యోగంలో మీరు సాధించిన అయిదు ముఖ్యమైన విజయాలు. కింద అయిదు గీతలు.

ఇది తేలిక. రోజూ పూల్ మూసే ముందు రిజిస్టర్‌లో నీటిమట్టం, క్లోరిన్ మోతాదు, వచ్చినవాళ్ళ సంఖ్య రాసి, ఆఖరి గడిలో ఆ రోజు సంఘటనలు రాయాలి. అక్కడ "ఏమీ జరగలేదు" అని రాసి సంతకం పెట్టినప్పుడు ఆయనకి కలిగే సుఖం మరి దేనిలోనూ లేదు. దిగినవాళ్ళందరూ పైకి వచ్చారు. తడి కాళ్ళతో, తడి జుట్టుతో, ఆకలితో ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు. పనివాడి పేరు ఎక్కడా లేకుండా పని పూర్తయింది. ఇంతకంటే ఏం సాధించాలి?

మొదటి గీత మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: "ఇరవై రెండేళ్ళలో ఏమీ జరగలేదు." అబద్ధం రాయడం ఇష్టం లేక పక్కనే చేర్చాడు: "ఎనిమిదిసార్లు తప్ప." మిగతా నాలుగు గీతలూ ఖాళీగా వదిలి, తృప్తిగా సంతకం చేశాడు.

*

కౌన్సెలర్ ఆఫీసు ఒక చెప్పుల షాపు పైన, రెండో అంతస్తులో. మెట్ల నిండా కొత్త తోలు వాసన. ముందు గదిలో ఆరు కుర్చీలు, నలుగురు మనుషులు. ఒకావిడ మోకాళ్ళ మీద ఫైలు పెట్టుకుని దాని అంచునే పదేపదే సరిచేస్తోంది. టై కట్టుకున్న ఒకాయన గొంతు సవరించుకుంటున్నాడు గానీ మాట్లాడటం లేదు. మొదటిసారి పూల్‌కి వచ్చి గట్టు మీద నిలబడినవాళ్ళు ఇలాగే ఉంటారనుకున్నాడు ఆయన. ఎవరికీ నీళ్ళు చల్లగా ఉంటాయా అని అడగబుద్ధి కాదు.

రిసెప్షన్‌లో ఉన్నావిడ ఫారం తీసుకుని చదివి, కళ్ళజోడు తీసి ఆయన వంక చూసి, మళ్ళీ పెట్టుకుని చదివింది. తర్వాత దాన్ని పచ్చ ఫైల్లోంచి తీసి నీలం ఫైల్లో పెట్టింది. "కాసిని మంచినీళ్ళు తాగుతారా సార్?" అని చాలా మృదువుగా అడిగింది. వద్దన్నా తెచ్చిచ్చింది.

మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. నెరిసిన పొట్టి జుట్టు, బల్ల మీద చెక్కిన పెన్సిళ్ళు. ఆమె కూడా జ్వరం వచ్చినవాణ్ణి పలకరించినట్టే మొదలుపెట్టింది.

"చూడండి, మనందరికీ ఒక్కోసారి జీవితంలో ఏమీ సాధించలేదనిపిస్తుంది."

"అవునాండీ?" అన్నాడు ఆయన జాలిగా. పాపం, ఆవిడకేం కష్టమొచ్చిందో అనుకున్నాడు.

"మీరే రాశారు కదా. ఏమీ జరగలేదని."

"అవునండీ. ఆ ఎనిమిది రోజులు తప్ప."

"అలా అనుకోకూడదండీ."

"అదేంటి మేడమ్, ఏదైనా జరిగుంటే బాగుండేదా?"

ఆమె పెన్సిల్ ఆగింది. ఫారం మొదటి పేజీ తిరగేసి, ఉద్యోగం అన్నచోట ఏముందో అప్పుడు చదివింది. చెవులు కాస్త ఎర్రబడ్డాయి. "మా రిసెప్షన్ ఆవిడ మిమ్మల్ని నీలం ఫైల్లో పెట్టింది. అది... ఆత్మవిశ్వాసం లేనివాళ్ళ ఫైలు. నేను కూడా ఫైలు రంగు చూసి మాట్లాడేశాను. క్షమించండి."

"పర్లేదండీ. నీలం నాకు అలవాటే."

ఆమె ఫక్కున నవ్వింది. మందులా తూచి పోస్తున్న గొంతు పోయి, మామూలు గొంతు వచ్చింది. "మరి ఆ ఎనిమిదిసార్లు ఏం జరిగింది?"

"దూకాల్సి వచ్చిందండీ."

"అంటే ఎనిమిదిమందిని కాపాడారు!"

"ఆలస్యంగా చూశానండీ," అన్నాడు ఆయన తల దించుకుని. "మునిగేవాళ్ళు సినిమాల్లోలాగా అరవరు మేడమ్. ఊపిరికే ఖాళీ ఉండదు, ఇంక అరుపెక్కడ? చప్పుడు లేకుండా నిటారుగా నిలబడిపోతారు. దానికి ముందు ఒక అరనిమిషం ఉంటుంది. మొహంలో తెలుస్తుంది. నవ్వుతున్నవాడి నవ్వు అలాగే ఉంటుంది గానీ కళ్ళు గట్టు వైపు తిరుగుతాయి. అప్పుడే చూసి విజిల్ వేస్తే వాడే ఈదుకుంటూ వచ్చేస్తాడు. దూకానంటే ఆ అరనిమిషం నాకు కనపడలేదన్నట్టే. ఎనిమిది తేదీలూ గుర్తున్నాయి."

మేడమ్ ఏదో రాసుకుంది. చాలాసేపు రాసుకుంది. కింద షాపులో ఎవరో కొత్త చెప్పులేసుకుని నడిచి చూసుకుంటున్నారు, టకటకమని.

"ఒకటి చెప్తాను," అంది. "మీకు ఉద్యోగం ఇప్పిస్తానని నేను మాటివ్వలేను. రికార్డుల గది తీసుకున్నా తప్పేం లేదు. మీరు చేసే ఈ పని ఇంకెక్కడ ఉందో, ఏ పేరుతో ఉందో, మీతో కలిసి వెతకగలను. అదైనా ఆరుసార్లు కూర్చుంటేనే. వద్దనుకుంటే ఫోన్ చేసి వద్దనండి, నేనేం అనుకోను. ఇప్పుడే చెప్పకండి. ఈ కుర్చీలో కూర్చుని చెప్తే మొహమాటానికి అవునంటారు."

మెట్లు దిగుతూ ఆయన మొదటిసారి ఆ సంగతి తనలో తను గట్టిగా అనుకున్నాడు. పద్నాలుగేళ్ళు మొహాలు లేని చోట ఉండాలేమోనని నా భయం. ఆవిడ అడగలేదు, కానీ అడిగినట్టే అయింది.

అయినా ఒక నెల జీతం. ఇంటికి వెళ్ళేదాకా అవునని ఒక వీధి, వద్దని ఒక వీధి నడిచాడు.

*

శనివారం పదింటికి కొత్తగా నేర్చుకునేవాళ్ళ బ్యాచ్. ఆ గంట కుర్చీ మీద ఇంకో గార్డు కూర్చుంటాడు, బాబాయ్ నీళ్ళలోకి దిగుతాడు. బ్యాచ్‌లో అందరికంటే పెద్దది బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకావిడ. ఎనిమిది వారాలుగా వస్తోంది. ఎనిమిది వారాలుగా గట్టు కమ్మీని వదల్లేదు. ఆవిడ భర్త మాత్రం చేపలా ఈదుతాడు. ఆ రోజు లోతు వైపు నుంచి ఈదుకుంటూ వచ్చి పక్కన తేలాడు.

"నువ్వు మిగతావాళ్ళని చూసుకో బాబాయ్. ఈవిణ్ణి నేను పట్టుకుంటా. ముప్పై అయిదేళ్ళుగా పట్టుకున్నదేగా."

"కుదరదండీ," అన్నాడు బాబాయ్. "ఈ పూల్‌లో సొంతవాళ్ళు పట్టుకోకూడదు."

"అదేం రూలయ్యా? ఏ బోర్డు మీదుంది?"

"బోర్డు మీద లేదండీ. నాకు పని నేర్పినాయన పెట్టాడు. మొగుడు పెళ్ళానికి, తండ్రి కొడుక్కి నేర్పించకూడదు. సొంతవాళ్ళకి భయమెక్కువ. పట్టుకుంటే అస్సలు వదలరు, వదిలితే సరదాకి వదిలేస్తారు. రెండూ ప్రేమే. నీళ్ళకి ప్రేమ అర్థం కాదు కదండీ. పరాయివాడైతే పని కాబట్టి పట్టుకుంటాడు, టైమ్ అయింది కాబట్టి వదుల్తాడు. మీరు అదిగో, ఆ బెంచీ మీద కూర్చోండి."

"సరిగ్గా చెప్పారు," అంది ఆవిడ కమ్మీని కరిచిపట్టుకునే. "ఈయన డ్రైవింగ్ నేర్పిస్తానంటేనే మూడు రోజులు మాటల్లేవు మా ఇద్దరికీ."

భర్త గొణుక్కుంటూ గట్టెక్కాడు. బాబాయ్ ఆవిడ వీపు కింద చెయ్యి పెట్టాడు. అప్పుడు, అరచేతి మీద ఒక మనిషి బరువూ ఒక మనిషి భయమూ ఉండగా, తన నోట్లోంచి వచ్చిన మాట ఆయన చెవిన పడింది. సొంతవాళ్ళు పట్టుకోకూడదు. ఇరవై రెండేళ్ళుగా వందలమందికి చెప్పిన మాట. ఎంతమంది మొగుళ్ళని బెంచీ ఎక్కించాడో లెక్కలేదు. మరి తను? ఈ వారమంతా తన వీపు కింద ఎన్ని చేతులు! రికార్డుల గది వైపు ఒకటి, గోడౌన్ వైపు ఒకటి. అన్నీ ప్రేమే.

ఆలోచనలో పడి, చెప్పకుండానే చెయ్యి తీసేశాడు. ఆవిడ రెండు క్షణాలు తేలి, బుడుంగుమని మునిగి, దగ్గుతూ లేచి, ముక్కులోంచి నీళ్ళు కారుతుండగానే కడిగేసింది. "వదిలేముందు ఒక మాట చెప్పద్దా మనిషికి?"

"చెప్తే బిగుసుకుపోతారండీ," అన్నాడు ఆయన. "రెండు క్షణాలు తేలారు."

"తేలానా?" దగ్గు ఆగిపోయింది. "ఏదీ, మళ్ళీ వదలండి."

*

ఆదివారం అక్క వాళ్ళింట్లో ఆయన సంగతి చెప్పాడు. ఆ మేడమ్ దగ్గరికి ఆరుసార్లూ వెళ్తానన్నాడు. బావ టీ కప్పు కింద పెట్టేశాడు. బావ టీ కప్పు కింద పెట్టడం అంటే చిన్న విషయం కాదు.

"అంటే ముక్కూ మొహం తెలియని మనిషి ఎక్కువైపోయిందా నీకు? నేను పరాయివాణ్ణా?"

"పరాయివాడివైతే నిన్నే అడిగేవాణ్ణి బావా."

బావకి కోపం తెచ్చుకోవాలో సంతోషించాలో అర్థం కాలేదు. కాసేపటికి రెండూ కలిపి, "పోరా" అన్నాడు. మళ్ళీ టీ కప్పు తీసుకున్నాడు.

కష్టం ఇంటికొచ్చాక. సాయంకాలపు ఎండ కిటికీలోంచి పడుతోంది. భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"నేను కూడా సొంతదాన్నేగా," అంది. "అయితే నా మాట లెక్కలోకి రాదన్నమాట."

"నీ మాట రికార్డుల గది. ఎందుకో చెప్పు?"

"ఎందుకేంటి? భయం. పిల్ల చదువు ఇంకా మిగిలుంది. నలభై ఆరేళ్ళకి కొత్త పని ఎవరిస్తారండీ? నాకు భయంగా ఉండదా?"

"నాకూ అదే భయం," అన్నాడు ఆయన. ఈ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. "నీళ్ళలో ఇద్దరు భయపడ్డవాళ్ళు ఒకరినొకరు పట్టుకుంటే..."

"మీ పూల్ పాఠాలు నాకు చెప్పకండి." చొక్కా చేతులు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "ఇద్దరూ మునుగుతారు. తెలుసు. ఇరవై ఏళ్ళుగా వింటున్నా." దొంతర ఆయన చేతికిచ్చింది. "చెయ్యండి ఫోన్. కానీ ఆవిడ మిమ్మల్ని ఊరికే కూర్చోబెట్టి పంపిస్తే మాత్రం నేనే వెళ్ళి ఆ నెల జీతం పట్టుకొస్తా."

ఆయన ఫోన్ చేశాడు. మేడమ్ సంతోషమని గానీ, మంచి నిర్ణయమని గానీ అనలేదు.

"మొదటి పని రేపే," అంది. "ఉత్తరం రాసే ముందు ఆ రికార్డుల గదికి వెళ్ళి ఒక గంట కూర్చోండి. వాళ్ళని అడిగే కూర్చోండి. ఏం నిర్ణయించకండి."

"గదిలో ఏం చూడాలండీ?"

"గదిని కాదు. మీరేం చేస్తున్నారో చూసుకోండి. మీకు అలవాటు లేని పని, అందుకే గంట చాలు."

*

రికార్డుల గది ఆఫీసు వెనక, మూడో అంతస్తులో. దాన్ని చూసుకునే ఆవిడ దగ్గర దగ్గర ఆయన ఈడుది. ఉన్నికోటు వేసుకుని, ఒక ఫైలు వీపుకి దారం కుడుతోంది. అరల నిండా కాగితాలు, పైకప్పు దాకా. గదంతా పాత బిస్కట్ వాసన. అంత శుభ్రమైన నిశ్శబ్దాన్ని ఆయన ఎప్పుడూ వినలేదు.

"మీరేనా పూల్ నుంచి రాబోయేది? కూర్చోండి. ఆ కిటికీ పక్క బల్ల మీకే." సూది ఆపకుండానే చెప్పింది. "ముందే చెప్తున్నా, నాకు మాటలు పడవు. ఈ గదికి నేను కావాలని వచ్చాను. పదకొండేళ్ళైంది. ఇంత హాయి ఇంకెక్కడా లేదు. వారానికి ఇద్దరొస్తారు. ఆ ఇద్దరూ రాకపోతే ఇంకా బాగుండు."

ఆమె మొహం నిజంగానే హాయిగా ఉంది. వేళ్ళు తొందర లేకుండా కదులుతున్నాయి. చిరిగిన ఫైలు ఆమె చేతిలో దెబ్బ తగిలిన పిట్టలా ఒదిగి ఉంది. ఈ గది చెడ్డది కాదని ఆయనకి అప్పుడే తెలిసిపోయింది. ఇది ఒకరి ఇల్లు.

ఆయన కూర్చుని తనని తను చూసుకోవడానికి ప్రయత్నించాడు. పది నిమిషాలకి మెడ నొప్పి పుట్టింది. వరండాలో అడుగు చప్పుడైన ప్రతిసారీ తల తలుపు వైపు తిప్పుతున్నాడు. ఎవరూ లోపలికి రాలేదు. ఇరవై నిమిషాలకి కుర్చీ కిటికీ వైపు ఎప్పుడు తిరిగిందో తిరిగింది. కింద వీధిలో మధ్యాహ్నం భోజనాలకి బడి వదిలిపెట్టారు. పిల్లలు రోడ్డు దాటుతున్నారు. సంచీ బరువుకి ఒరిగిన ఒక పాప గుంపులోంచి వెనకబడి, రోడ్డు మధ్యలో ఆగి, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయింది. అరవట్లేదు, ఏడవట్లేదు. నిటారుగా నిలబడింది.

ఆయన లేచి నిలబడ్డాడు. చెయ్యి ఖాళీ మెడ మీద విజిల్ కోసం వెతుకుతోంది. "పాపా! అక్కడే ఆగు!" ఆ అరుపుకి అరల మీద దుమ్ము రేగింది. కింద పళ్ళబండి ఆవిడ తలెత్తి చూసి, పాపని చూసి, పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

రికార్డుల ఆవిడ సూది వేలికి గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని ఆయన వంక చూసింది.

"మీరిక్కడికి రావద్దండీ," అంది. కోపంగా కాదు. ప్రాధేయపడుతూ. "దయచేసి."

"రానండీ," అన్నాడు ఆయన. "మీకు మాటిస్తున్నా."

గంటకి ఇంకా పాతిక నిమిషాలుంది. మేడమ్ గంట అంది కాబట్టి గంటా కూర్చున్నాడు, చప్పుడు చెయ్యకుండా. తర్వాత ఆవిడ దగ్గరే ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, రికార్డుల గది ఉద్యోగం వద్దని, రెండో దారి ఎంచుకున్నానని రెండు వాక్యాలు రాశాడు. ఆవిడ తన పెన్నుకి మూత తీసి మరీ ఇచ్చింది. కింద గుమాస్తా కాగితం చదివి, "ఆ గది కోసం ఎంతమంది తిరుగుతున్నారో తెలుసా? మళ్ళీ మాట మార్చడానికుండదు" అన్నాడు. తెలుసన్నాడు ఆయన. ముద్ర పడింది. మొదటిసారి లోతు వైపు దూకిన రోజులాగే, వెనక్కి చూడకుండా బయటికి నడిచాడు.

బస్‌స్టాప్ నుంచి భార్యకి ఫోన్ చేశాడు. ఆమె వెనకాల ఎవరి పంటి మీదో మెషిన్ గుర్రుమంటోంది.

"ఇచ్చేశారా?"

"ఇచ్చేశా."

మెషిన్ ఆగింది, మళ్ళీ మొదలైంది. "ఇప్పుడేమంటుంది మీ మేడమ్?"

"ఇప్పుడే ఆవిడకీ ఫోన్ చేశా. గురువారం రమ్మంది. స్కూళ్ళ దగ్గర, ఆసుపత్రుల్లో, స్టేషన్లలో మనుషుల్ని చూసే ఉద్యోగాలు ఏమున్నాయో జాబితా చేద్దామంటోంది. ఇవాళ జరిగింది కూడా రాసి తెమ్మంది."

"ఏం జరిగింది ఇవాళ?"

"చెప్తా. పెద్ద కథ. ఒకావిడ వేలికి సూది గుచ్చుకుంది."

"అయ్యో రామ, మీరు రికార్డుల గదికే కదండీ వెళ్ళింది?"

"బస్సొచ్చింది," అన్నాడు ఆయన. "మూడింటి బ్యాచ్‌కి అందుకోవాలి. సాయంత్రం చెప్తా, టీ పెట్టి ఉంచు."